చేతులవాళ్ళు, గుండెవాళ్ళు

ఫిబ్రవరి 9, సోమవారం

స్కేలుబద్ద పోయాడు. పేపరు ఐదో పేజీలో, ఒంటిసబ్బు ప్రకటన పక్కన, ఎప్పటిదో నల్లజుట్టు ఫొటో. ‘సుప్రసిద్ధ మ్యాపుల రూపకర్త, లోయ మ్యాపు సృష్టికర్త.’ గుండెపోటుట. ఆ మనిషికి అలాంటి అవయవం ఒకటుందని రుజువు కావడానికి ఎనభై ఒక్క ఏళ్ళు పట్టింది.

లోయ మ్యాపు గీసింది నేను. అందులో ప్రతి వాగూ, ప్రతి ఎత్తు గీతా నా చేత్తో పడ్డదే. మ్యాపు మూలన గీసిన పెట్టెలో పేరు మాత్రం అతనిది, సర్వే ఆఫీసులో నా పైవాడు కనక. స్కేలుబద్ద అన్నది నేను చాటుగా పెట్టుకున్న పేరు. ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం. అతను నిన్న పోయాడు. రికార్డు రూములో ఆ షీట్ల మీద ముద్ర కొట్టిన మా అన్నయ్య ఎప్పుడో పోయాడు. మిగిలింది నేను. గెలిచానన్నమాట. ఆ ముక్క చెప్పుకుందామంటే ఎదురుగా మనిషి లేడు, అదొక్కటే లోటు.

పెన్నుకి రబ్బరు గొట్టం తొడిగితే తప్ప పట్టు దొరకడం లేదు. పొద్దుటిపూట నా వేళ్ళు వేళ్ళలా ఉండవు, అల్లం కొమ్ముల్లా ఉంటాయి. అయినా ఈ వాక్యం మాత్రం నా చేత్తోనే రాయాలనిపించింది. స్కేలుబద్ద పోయాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం

పొద్దున్నే పిచ్చుక వచ్చింది, తల్లి ఇంటికి భోజనానికి వెళ్తూ. అన్నయ్య కూతురికి ఆ పేరు అన్నయ్యే పెట్టాడు, పుట్టినప్పుడు అంతే ఉండేది. ఇప్పుడది నలభై ఎనిమిదేళ్ళ పిచ్చుక. చెవిటి పిల్లల బళ్ళో టీచరు, చేతులతో పాఠం చెబుతుంది. చేసుకున్నవాడూ వినలేనివాడే, అదే బళ్ళో వడ్రంగం నేర్పుతాడు. నా దగ్గరికి వస్తున్నట్టు వాళ్ళమ్మకి తెలుసో లేదో నేనడగను, అది చెప్పదు.

“బాబాయ్, ఒకటి చూపిస్తా. నవ్వకూడదు.”

రెండు చేతులూ బల్ల మీద పరిచింది. మధ్యవేళ్ళ మొదళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఉంగరం తీసేసింది.

“ఎన్నాళ్ళయిందే?”

“వానలప్పటి నుంచీ. లేవగానే పిడికిలి మూసుకోదు. బళ్ళో పిల్లలేమంటున్నారో తెలుసా? టీచరుకి నత్తి వచ్చిందంటున్నారు.”

నవ్వకూడదన్నది తనే ముందు నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళయిందో ఈ గదిలో ఇద్దరు నవ్వి.

తర్వాత గొంతు తగ్గించింది. “ఆయన నాకు గుండె పరీక్షకి పేరు రాయించారు. బుధవారం రమ్మన్నారు. నాన్న పోయిన వయసు దగ్గరికొస్తోంది కదా బాబాయ్. మెట్లెక్కితే ఆయాసం కూడా వస్తోంది. నిజం చెప్పాలంటే భయంగా ఉంది.”

“భయం దేనికే పిచ్చిదానా? నువ్వు మాలో చేరావు కదా!”

“మీలో అంటే?”

నలభై ఎనిమిదేళ్ళొచ్చినా దీనికి ఇంటి సంగతి ఎవరూ చెప్పలేదు. తల్లి చెప్పదు, పరాయింటి మనిషి, ఆవిడకేం తెలుసు. నేనే చెప్పాను. మా వంశంలో రెండు జట్లు. గుండెవాళ్ళు, చేతులవాళ్ళు. మా నాన్న గుండెవాడు, పడక్కుర్చీలో పేపరు చదువుతూ పోయాడు. ఆయన చెల్లెలు, మా మేనత్త, చేతుల మనిషి. వేళ్ళు పక్కకి తిరిగిపోయి గ్లాసు రెండు చేతులా పట్టుకునేది, కానీ ఎనభై ఎనిమిదేళ్ళు బతికి అందర్నీ సాగనంపింది. “చేతులిచ్చేశాంరా, ఇక అది గుండె జోలికి రాదు” అనేది. నా వేళ్ళు మొదటిసారి వాచినప్పుడు నా చెయ్యి పట్టుకుని, పరీక్ష ప్యాసయినవాణ్ణి చూసినట్టు చూసింది. అన్నయ్య గుండెవాడు. నేను చేతులవాణ్ణి. అన్నయ్య యాభై రెండేళ్ళకి, గుమ్మంలో కూర్చుని బూటు తాడు కట్టుకుంటూ ముందుకి ఒరిగిపోయాడు. నాకు డెబ్భై నాలుగు.

“ఒక మనిషికి రెండూ వచ్చినట్టు మనింట్లో ఒక్కర్ని చూపించు.”

ఆలోచించింది. ఎవరూ తట్టలేదు. ముఖంలో ఏదో వదులైంది, బరువు దించుకున్న కూలీ ముఖంలా.

“ఈ భయం ఎప్పట్నుంచి మోస్తున్నానో తెలుసా నీకు? ప్రతి పుట్టినరోజుకీ లెక్కపెట్టుకోవడమే, ఇంకెన్ని ఉన్నాయా అని. పోన్లే. వేళ్ళదేముంది, నత్తి టీచరు అంటే అననీ.” బుధవారం బళ్ళో పిల్లల నాటకం ఉందట, ఎలాగూ కుదరదట. పరీక్ష మానేస్తానంది.

నా మాట వల్ల ఒక మనిషికి సుఖం కలగడం నాకు బొత్తిగా అలవాటు లేని విషయం. వెళ్తూ వెళ్తూ రెండేసి మెట్లు దూకింది. కింది మలుపులో ఆగి రెయిలింగు పట్టుకుని నించుంది. చెప్పు సర్దుకుంటోంది కాబోలు.

ఫిబ్రవరి 16, సోమవారం

జబ్బుకైనా వారసులుండాలి. నాకు దొరికింది.

ఫిబ్రవరి 21, శనివారం

లైబ్రరీ వాళ్ళు మెట్ల ఎత్తు పెంచినట్టున్నారు. మధ్యలో ఆగి నోటీసు బోర్డు చదివాను. చాలాసేపు చదివాను. బోర్డు మీద ఏమీ లేదు.

ఎడమ భుజం రెండ్రోజులుగా లాగుతోంది. కొత్త కీలు మొదలైందన్నమాట. రానీ, చోటుంది.

మార్చి 3, మంగళవారం

కీళ్ళ డాక్టరు రిటైరయ్యాడు. పాతికేళ్ళుగా నా వేళ్ళ కంటే తన గడియారాన్నే ఎక్కువ చూసినవాడు, నాకేం దిగులు లేదు. అతని కుర్చీలో కొత్తగా ఒక డాక్టరమ్మ. మనవరాలి వయసు ఉంటుంది, నాకు మనవరాలంటూ ఉంటే.

“మీ ఇంట్లో గుండెజబ్బు ఎవరికైనా ఉందా అండీ?”

“ఉంది. కాని వాళ్ళు వేరు.”

“వేరంటే?”

“వాళ్ళు గుండెవాళ్ళు. మేం చేతులవాళ్ళం.”

రాయడం ఆపింది. “ఇంకోసారి చెప్పండి.”

చెప్పాను, మేనత్తతో సహా. నవ్వుతుందనుకున్నాను. నవ్వితే వెయ్యడానికి ఒక మాట సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. నవ్వలేదు.

“ఈ మాట మీ ఇంట్లో ఎంతమంది నమ్ముతున్నారు?”

పక్క గదిలో పడుకోబెట్టి ఛాతీకీ చేతులకీ తీగలు తగిలించి ఇ.సి.జి. తీశారు. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

“ఛాతీలో నొప్పి ఎప్పుడైనా వచ్చిందా?”

“రాలేదు. ఎడమ భుజం లాగుతుంది. అది కీలు.”

“కీలని ఎవరన్నారు?”

“నా అనుభవం.”

“ఈ కాగితం వేరేలా అంటోందండి. మీకెప్పుడో ఒక పోటు వచ్చిపోయినట్టుంది. గుండె మీద మచ్చలాంటిది ఉంది. మీరు దాన్ని కీళ్ళ ఖాతాలో రాసేసుకున్నారు.”

తర్వాత కాగితం వెనక బొమ్మలు గీస్తూ చెప్పింది. పిల్ల చెయ్యి తిరిగిందే, గీత వణకలేదు. లక్షలమంది రక్తం తీసుకుని, కీళ్ళవాతం ఉన్నవాళ్ళ జన్యువుల్ని ఒక పక్కా, గుండె రక్తనాళాల జబ్బున్నవాళ్ళవి ఒక పక్కా పెట్టి చూస్తున్నారట. కొన్ని చోట్ల రెండు గుంపుల్లోనూ ఒకే మార్పులు కనబడుతున్నాయట. ఒంట్లో అనవసరంగా మంట పెట్టే గుణం ఒకటి. అది కీలులో రాజుకుంటే వేళ్ళు వంకరపోతాయి, రక్తనాళం గోడలో రాజుకుంటే గుండె ఆగుతుంది. ఒకే మనిషిలో రెండు చోట్లా రాజుకోవచ్చు.

“అంతా తేలిపోయిందని చెప్పను. ఉమ్మడి వేర్లున్నాయని మాత్రం తెలుస్తోంది, ఎంత లోతువో ఇంకా తవ్వుతున్నారు. కాని కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి గుండెపోటు ముప్పు ఎక్కువన్నది ఎప్పుడో తేలింది. అందులో సందేహం లేదు. చేతుల జబ్బు గుండెకి కాపలా కాయదండి.”

“నేను డెబ్భై నాలుగేళ్ళు బతికాను.”

“సంతోషం. అది రుజువు కాదు.”

లేవబోతుంటే అడిగింది. “మీ రక్తసంబంధీకుల్లో వేళ్ళు వాచినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?”

“ఒకరున్నారు.”

“ఇవాళే చెప్పండి. గుండె చూపించుకోమనండి. భుజం నొప్పి, దవడ నొప్పి, ఆయాసం, ఏదొచ్చినా కీళ్ళని సరిపెట్టుకోవద్దనండి.”

చెబుతానన్నాను.

మార్చి 4, బుధవారం

డాక్టరమ్మ మాట మీద నమ్మకం లేక లైబ్రరీకి వెళ్ళి సాయంత్రం దాకా చదివాను. మెట్ల దగ్గర నోటీసు బోర్డు మళ్ళీ చదివాను.

నిజమే.

ఆఫీసులో మాకు గాజుబల్ల ఉండేది, కింద దీపం. రెండు ట్రేసింగు షీట్లు ఒకదాని మీద ఒకటి పరిచి దీపం వెయ్యడం, గీత మీద గీత పడితే అది ఒకే కొండ. ఇద్దరు సర్వేయర్లు రెండు వైపుల నుంచి చూసి రెండు పేర్లు పెట్టి ఉంటారు, అంతే. నేనూ అన్నయ్యా ఒకే కొండ. నాన్నా మేనత్తా ఒకే కొండ. ఒక ముసలావిడ దీర్ఘాయుష్షును పట్టుకుని మేం శాస్త్రం కట్టాం. పుస్తకాలు ఇన్ని చదివానని విర్రవీగే నేను, అందులో మొదటి శిష్యుణ్ణి.

ఇంకోటి ఇవాళే తట్టింది. మేనత్త నిద్రలో పోయింది. పొద్దున్న లేపితే లేవలేదు. వయసు అన్నాం.

రాత్రి భోంచేస్తుంటే అసలు సంగతి తట్టింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అన్నయ్య నా వల్ల పోలేదు.

లోయ మ్యాపు మీద స్కేలుబద్ద పేరు చూసిన రోజు ఆఫీసు మెట్ల మీద అన్నయ్యని నిలబెట్టి అడిగాను, నిజం తెలిసినవాడివి నువ్వే, వచ్చి చెప్పమని. “వదిలెయ్‌రా, ఒక మ్యాపే కదా” అన్నాడు. పిరికిపంద అన్నాను. ఇంకా అన్నాను. ఆఫీసంతా విన్నది. మర్నాడు పొద్దున్న బూటు తాడు. శవం ఇంట్లో ఉండగానే, పది మంది ముందు వదిన నా చొక్కా పట్టుకుని, “ఈయన గుండె ఆగలేదు, నువ్వు ఆపావు” అంది. అప్పట్నుంచి ఆ గుమ్మం తొక్కలేదు. చుట్టాలు నన్ను చూస్తే గొంతు తగ్గించేవాళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు శిక్ష వేసింది ఆవిడ నాకు.

ఇప్పుడు నా దగ్గర సాక్ష్యం ఉంది. రక్తమే సాక్ష్యం. నేను నోరెత్తకపోయినా ఆ తాడు ఆ రోజు కాకపోతే ఇంకో రోజు.

వెళ్ళి చెబుతాను. ఎదురుగా నిలబడి చెబుతాను.

పిచ్చుక ఆదివారాలు తల్లి దగ్గరే భోంచేస్తుంది. ఇద్దరికీ ఒకేసారి చెప్పడం మేలు. ఇది ఫోన్లో చెప్పే విషయం కాదు. పిల్ల బెదిరిపోతుంది.

మార్చి 5, గురువారం

పిచ్చుకే ఫోన్ చేసింది.

“బాబాయ్, ఎడమ భుజం కూడా మొదలైంది. పొద్దున్నుంచి దవడ లాగుతోంది, బోర్డు చెరుపుతుంటే చెమటలు పట్టేశాయి. దవడకీ కీలుంటుందా?”

“ఉంటుంది.”

“చూశావా, చుట్టాల్లాగా ఒకళ్ళ వెనక ఒకళ్ళు దిగుతున్నాయి. కాఫీలివ్వలేక చస్తున్నా.”

నోటిదాకా వచ్చింది. చెప్పబోయాను. “ఆదివారం మీ అమ్మ దగ్గరికి వస్తున్నాను” అన్నాను.

ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

“ఉన్నావా?”

“నువ్వా? అమ్మ దగ్గరికా?” ఏడుస్తోంది. “బాబాయ్, ఒట్టుగా? మాట మారిస్తే ఊరుకోను.”

“మార్చను. ముఖ్యమైన సంగతి. అందరూ ఉన్నప్పుడు చెబుతాను. ఈలోగా నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో.”

“విశ్రాంతా? ఇంత మంచి కబురు చెప్పి పడుకోమంటావేంటి!”

దాని సంతోషం చూశాక ఇప్పుడు భయపెట్టడం దేనికనిపించింది. ఆదివారం ఎంతో దూరం లేదు. భుజం లాగితే మనిషికేం కాదు. నాది ఎన్నాళ్ళుగా లాగుతోంది.

మార్చి 6, శుక్రవారం

తెల్లచొక్కా ఇస్త్రీకిచ్చాను.

అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. “వదినా, మీరు అప్పుడన్న మాట వెనక్కి తీసుకోవాలి.” బాగాలేదు, బతిమాలినట్టుంది. “వదినా, అన్నయ్యని చంపిందెవరో తెలిసింది.” ఇది నాటకంలా ఉంది. “వదినా, కూర్చోండి. మీకొక విషయం వివరిస్తాను.” ఇది నయం. ఇందులో శాంతం ఉంది. ఆవిడ శాంతంగా ఉండలేదు. ఆ తేడా పది మందికీ తెలియాలి. పది మంది లేరు, పోయారు. పిచ్చుకా అల్లుడూ ఉంటారు, చాలు. అల్లుడికి వినబడదు.

మార్చి 7, శనివారం

డాక్టరమ్మ ఫోన్. నాకు గుండె డాక్టరు దగ్గర తేదీ ఇప్పించిందట. ఆదివారం పనుంది, తర్వాత చూద్దామన్నాను. “మీ వాళ్ళకి చెప్పారా?” అని అడిగింది.

చెప్పానన్నాను.

మార్చి 8, ఆదివారం

రాయగలిగినంత రాస్తాను.

వదిన తలుపు తీసింది. ముసలిదైపోయింది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నా మనసులో ఇన్నాళ్ళూ నా చొక్కా పట్టుకున్న ఆవిడే ఉంది, నల్లజుట్టుతో.

“చెప్పులు అక్కడ విడువు. లోపలికి రా,” అంది, నిన్న వచ్చిపోయినవాడితో అన్నట్టు. “అమ్మాయి ఇంకా రాలేదు. ఒంట్లో నలతగా ఉందిట, మెల్లగా వస్తామని అల్లుడు మెసేజి పెట్టాడు. కూర్చో.”

బఠాణీలు ఒలుస్తోంది. అన్నయ్య ఫొటో గోడ మీద లేదు, అలమారులో ఉంది, పక్కన కళ్ళజోడు. పిచ్చుక వచ్చేదాకా ఆగుదామనే అనుకున్నాను. ఆగలేకపోయాను. నిలబడే మొదలుపెట్టాను. శాంతంగానే చెప్పాను. లక్షలమంది రక్తం, రెండు గుంపులు, ఉమ్మడి వేర్లు, నా గుండె మీద మచ్చ, అన్నీ చెప్పాను. చివర్లో గొంతు లేచింది.

ఆవిడ ఒలవడం ఆపలేదు.

“అంటే ఆయన నీ వల్ల పోలేదంటావు.”

“నేను కాదు, శాస్త్రం అంటోంది.”

“సరే. పోలేదు.”

అంతే. ఇంకేదో ఉంటుందని నిలబడ్డాను.

“నాకు తెలియకపోతే కదా! మీ గొడవకి ముందురోజు రాత్రే ఛాతీ పట్టేసిందన్నారు, నేనే జీలకర్ర నీళ్ళిచ్చి పడుకోబెట్టాను. ఆ రోజు ఎవర్నో ఒకర్ని అనాలి. ఎదురుగా నువ్వున్నావు. మర్నాడొచ్చి నా మీద అరుస్తావు, అరిచాక ఇద్దరం ఏడుస్తాం అనుకున్నా. పౌరుషం మీ ఇంటి సొత్తు కదా, నువ్వు రాలేదు. నేనూ పిలవలేదు. పోనీ, ఇప్పుడొచ్చావుగా.”

ఇన్నేళ్ళూ నేను మోసిన రాయిని ఆవిడ బఠాణీ తొక్కులా పక్కన పడేసింది. తయారుచేసుకున్న వాక్యాలు ఇంకా మిగిలే ఉన్నాయి.

అప్పుడు ఆవిడ చెయ్యి ఆగింది.

“ఉండు. వేళ్ళ జబ్బున్నవాళ్ళకే గుండెకీ వస్తుందన్నావు.”

“రావచ్చు.”

“అమ్మాయికి వేళ్ళు వాచాయి.”

“అందుకే కదా నేను–”

“అది పరీక్ష మానేసింది. బాబాయ్ అక్కర్లేదన్నాడంది.”

“అప్పటికి నాకూ తెలీదు.”

“ఎప్పుడు తెలిసింది?”

“మంగళవారం.”

“ఇవాళేంటి?”

ఆవిడ లేచింది. బఠాణీలు నేలంతా పరుచుకున్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా తలుపు తీసుకుని మెట్లు దిగింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి అంత వేగంగా దిగడం చూడలేదు. వెనక నేను, గోడ పట్టుకుని.

రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉంది పిచ్చుక, ఒళ్ళో అరటిపళ్ళ సంచీ. ముఖం సున్నం రంగులో ఉంది. అల్లుడు కింది మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని దాని రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే అది అతనితో ఏం మాట్లాడగలదు!

“ఏం లేదమ్మా, భుజమే,” అంది. నా వైపు చూసి నవ్వింది. “వచ్చావా బాబాయ్! నేను నమ్మలేదు తెలుసా.”

మార్చి 10, మంగళవారం

ఆసుపత్రిలో గుండె డాక్టరు నడవాలో నిలబడే చెప్పాడు. పోటు ఆదివారంది కాదు. గురువారం ప్రాంతంలోనే మొదలైందిట. అప్పట్నుంచి గుండె కండరం కొంచెం కొంచెంగా చచ్చిపోతూ వచ్చింది. “నొప్పి తెలియలేదా ఆవిడకి?” అన్నాడు.

“తెలిసింది,” అంది వదిన. “కీళ్ళనుకుంది.”

“గురువారం తీసుకొచ్చి ఉంటే...” అని ఊరుకున్నాడు. డాక్టర్లు ఆ వాక్యం ఎప్పుడూ పూర్తి చెయ్యరు. నేను పూర్తి చెయ్యగలను.

మధ్యాహ్నం లోపలికి రానిచ్చారు. గొంతులో గొట్టం, మాట లేదు. కానీ దానికి మాటకి గొంతెందుకు? మమ్మల్ని చూడగానే చేతులు లేపింది. వాచిన వేళ్ళు, సూది గుచ్చిన చెయ్యి. అల్లుడితో ఏదో అంది. అతను బదులు చెప్పాడు. వదినతో ఏదో అంది. వదినా చేతులతోనే బదులు చెప్పింది, గబగబా, తడుముకోకుండా. అల్లుడి కోసం ఎప్పుడో నేర్చుకుందిట. ఆ గదిలో భాష రానివాణ్ణి నేనొక్కణ్ణే. ఇంటి గోడ నిండా పుస్తకాలున్నవాణ్ణి.

అప్పుడు నా వైపు తిరిగింది. వేళ్ళు కదిపింది.

“ఏమంటోంది?”

వదిన దుప్పటి సర్దింది. అల్లుడు కిటికీ వైపు తిరిగాడు.

పిచ్చుక మళ్ళీ చెప్పింది, ఆగి ఆగి, మొద్దబ్బాయికి పాఠం చెప్పినట్టు. ముందు తన వేళ్ళు చూపించింది. తర్వాత నా వేళ్ళు. తర్వాత ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని, లేదు అన్నట్టు ఊపింది. నన్ను ఓదారుస్తోంది. నా ముఖం చూసి భయపడ్డాననుకుంది.

“మనం చేతులవాళ్ళం, గుండె ఏం చెయ్యదు అంటోంది,” అంది వదిన. నా వైపు చూడలేదు. “తల ఊపు.”

ఊపాను.

మార్చి 11, బుధవారం

పొద్దున్న, నర్సులు మారే వేళ.

మార్చి 15, ఆదివారం

సంతాపసభకి బడి పిల్లలందరూ వచ్చారు. హాలు నిండా చేతులే. చప్పుడు లేకుండా అంత ఏడుపు నేనెప్పుడూ చూడలేదు. ఒక పాప ఇంకో పాపకి ఏదో చెబుతూ మధ్యలో వేళ్ళు బిగబట్టి, వదిలి, మళ్ళీ బిగబట్టింది. పిచ్చుక నత్తిని చూపిస్తోంది. రెండో పాప నవ్వబోయి ఏడ్చింది.

నేను ముందు వరసలో కూర్చోలేదు. అయినా వదినకి కనబడేచోటే కూర్చున్నాను. ఆవిడ లేచి వస్తుందని, చొక్కా పట్టుకుంటుందని, పది మంది ముందు ఆ మాట అంటుందని చూశాను. ఈసారి అది నిజం. ఈసారి ఒక్క అక్షరం కూడా ఎదురు చెప్పను. తెల్లచొక్కాయే వేసుకున్నాను, పట్టుకోవడానికి వీలుగా పై గుండీ కూడా పెట్టుకోలేదు.

అందరితో మాట్లాడింది. నాకు నీళ్ళు పంపించింది. ఆ మాట అనలేదు.

మార్చి 17, మంగళవారం

సాక్ష్యం, శిక్ష అంటూ పైన రాసిన పేజీలు చదివాను. చింపేద్దామనుకున్నాను. వేళ్ళు సహకరించలేదు. అదీ మంచిదే.

స్కేలుబద్ద ఫొటో ఉన్న పేపరు కూరగాయల బుట్టలో అడుగున కనబడింది. ఎవరో గుర్తురావడానికి కాసేపు పట్టింది.

మార్చి 20, శుక్రవారం

అల్లుడు వచ్చాడు. దాని కుర్చీ, నా ఇంట్లో అది కూర్చునే కుర్చీ, కాలు ఊగుతుంటుంది. ఎప్పుడో బాగుచేస్తానని దానితో అన్నాడట, అదే ఒకసారి చెప్పింది. ఉలీ సుత్తీ తెచ్చుకుని నేల మీద కూర్చుని ఆ కాలు బిగించాడు. నాకు అతనితో అనడానికి ఒక్క మాట కూడా రాదు, చేతులతో ఒక్కటంటే ఒక్కటి. లేచి నించుని కుర్చీని ఊపి చూపించాడు. కదల్లేదు. దణ్ణం పెట్టాను. అది అర్థమైనట్టుంది. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

అతనికి తెలుసా? వదిన చెప్పి ఉంటుందా, మంగళవారం సంగతి?

మార్చి 22, ఆదివారం

ఏమీ లేదు.

మార్చి 24, మంగళవారం

ఫోన్ మోగింది. ఈ వేళకి చేసేది ఒక్కతే అనుకుని తీశాను. తీశాక గుర్తొచ్చింది.

“నేను,” అంది వదిన.

“చెప్పండి వదినా.”

“నీ గుండె మీద మచ్చ ఉందన్నావు ఆ రోజు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా?”

“లేదు.”

“వెళ్ళవా?”

“వెళ్తాను.”

“ఎప్పుడు?”

“ఈ వారంలో వెళ్తాను.”

“ఈ వారంలో ఎప్పుడు? మంగళవారమా, ఆదివారమా?”

గొంతులో కోపం లేదు. కూరగాయలవాణ్ణి ధర అడిగినట్టు అడిగింది. నేను ఎదురుచూసిన మాట అదే. వచ్చాక తెలిసింది, ఆ మాటకి చొక్కా అక్కర్లేదు, పది మందీ అక్కర్లేదు.

ఇవాళ మంగళవారం.

ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. ఫోన్ కోసం మంచం మీంచి లేచి నాలుగడుగులు వేసినందుకే ఆయాసం ఇంకా తగ్గలేదు. ఆవిడకి తెలియకూడదని రిసీవరు దూరంగా పట్టుకున్నాను.

“దూరం పెట్టకు,” అంది వదిన. “వినబడుతూనే ఉంది.”